వెళ్ళొస్తా అనే కమాండు లేదు

మా బాబాయిని ఆ వీధిలో తాళాలాయన అనేవారు. నడుముకు ఎప్పుడూ తాళాల గుత్తి వేలాడేది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొత్తవాళ్ళు అనుకునేవారు. ఆ గుత్తిలో సగం తాళంచెవులకు అసలు తలుపులే లేవు. ఆయన ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే చిన్న ఆఫీసు నడిపేవాడు. పాస్‌వర్డు మరిచిపోయిన ప్రతివాడూ మెట్లెక్కి ఆయన దగ్గరికే రావాలి. అలా వచ్చిన పేరది.

ఆఫీసంటే చెప్పుల దుకాణం పైన రెండు గదులు. ముందు గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్ళు వచ్చి కూర్చోవడానికి రెండు తెరలు. గోడకు బాబాయి చేతిరాతతో ఒక అట్ట ఉండేది: "లాగవుట్ చేసి వెళ్ళండి." వెనక గదిలో ఇనుప అరల నిండా మోడెములు, నేలమీద బ్యాటరీలు, మూలన బల్లమీద ఒకే ఒక్క పెద్ద మిషన్. మా చెల్లి తెర దాని పక్కనే ఉండేది. అది తెరా, కీబోర్డూ మాత్రమే. దానికి సొంత బుర్ర లేదు. ఒక లావుపాటి తీగతో పెద్ద మిషన్‌కు తగిలించి ఉండేది. ఆ గదిలో ఫ్యాన్ల హోరు ఎంత నిలకడగా ఉండేదంటే, కాసేపటికి అది వినిపించడం మానేసేది.

చెల్లి అంటే బాబాయి కూతురు. చిన్నప్పుడు అన్నం ఒక్కో మెతుకే ఏరుకుని తినేదని ఇంట్లో పిచిక అనేవాళ్ళం. చదువు అయ్యాక వేరే ఉద్యోగాలు చూసుకోకుండా తండ్రి ఆఫీసులోనే చేరింది. మిషన్‌లో లాగిన్ పేరు కూడా పిచికే. "పేరు ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు దాటకూడదు, నాకు ఒకటి మిగిలింది కూడా" అనేది.

బాబాయి అంతకుముందు ఒక పెద్ద కాలేజీ కంప్యూటర్ గదిలో ఆపరేటరు. నేను భౌతికశాస్త్రం చదువుకునే రోజుల్లో ఒకసారి ఆయన్ని అడిగాను, ఇళ్ళల్లో కొనే కంప్యూటర్లు ఇన్ని ఉండగా ఈ నల్ల తెరల సిస్టమ్‌నే ఎందుకు పట్టుకుని కూర్చున్నావు బాబాయ్ అని.

"మేస్త్రీ ఇల్లు కట్టేటప్పుడు అందులో ఎందరుంటారో అనుకునే కడతాడు కదమ్మా" అన్నాడు. "ఇళ్ళల్లో కంప్యూటర్లు ఉన్నాయే, వాటి ఆపరేటింగ్ సిస్టమ్ ఒంటి మనిషి కోసం కట్టిన కొంప. ఒక్కడే ఉంటాడనుకున్నప్పుడు గదులెందుకు, గడియలెందుకు? ఇది సత్రం. మొదటి రోజు నుంచీ పదిమంది దిగుతారనే కట్టారు. ఎవరి గది వాళ్ళది, ఎవరి గడియ వాళ్ళది. ఊళ్ళ మధ్య తీగలు కలిపేసరికి దూరం నుంచి వచ్చిన మనిషి కూడా దీనికి ఇంకో బాటసారే. తలుపు తియ్యడం దీనికి ముందే తెలుసు."

"ఒంటి కొంపకి తెలియదా మరి?"

"ఎవరో తలుపు కొడుతున్నారని కూడా తెలియదు. చెవులు తర్వాత అతికించాలి."

చెల్లి వెనక గదిలోంచి అరిచింది. "అక్కా, నమ్మకు. సత్రాన్ని ఊరికే ఇచ్చారు కాబట్టి పట్టుకున్నాడు. డబ్బిచ్చి కొనుక్కోమంటే కొంపే నయం అనేవాడు."

అందులోనూ నిజముంది. ఆ సిస్టమ్‌ను ఎక్కడెక్కడి వాళ్ళో తీరిక వేళల్లో రాసి, రాసింది దాచుకోకుండా అందరికీ ఇచ్చేశారు. మామూలు పాత కంప్యూటర్‌లో కూడా అది ఎక్కేది. అది లేకపోతే పెద్ద కంపెనీలకు తప్ప ఎవరికీ ఇంటర్నెట్ ఇచ్చే స్తోమత ఉండేది కాదు. చెప్పుల దుకాణం పైన మా బాబాయి, ఇంకే వీధిలోనో ఇంకే దుకాణం పైనో ఇంకే బాబాయో. నెట్ అలా పాకింది.

మొదట్లో మనుషులు నిజంగానే ఆ సత్రంలో దిగేవారు. ఫోన్ లైను మీద డయల్ చేసి, పేరు చెప్పి, పెద్ద మిషన్ లోపలికే వచ్చి, అక్కడే ఉత్తరాలు చదువుకుని, అక్కడే కబుర్లాడుకునేవారు. ప్రస్తుతం లోపల ఎవరెవరున్నారో చూపించే చిన్న కమాండు ఒకటుంది. బాబాయికి గడియకోసారి అది కొట్టి చూడడం అలవాటు. పేర్లు వరుసగా దిగేవి, ఎప్పుడొచ్చారో, ఏ దారిన వచ్చారో పక్కనే. "కళ్ళద్దాలాయన వచ్చాడు, లెక్కల మాస్టారు ఇంకా పోలేదు" అని పైకి చదివేవాడు. పిన్ని క్యారేజీ తెచ్చి అది వింటూ, "వీళ్ళందరికీ కాఫీలు కూడా పెట్టమంటారా?" అనేది.

మిషన్‌ను ఏ మరమ్మతుకో ఆపాల్సి వస్తే ఊరికే ఆపకూడదు. అది ఆ సిస్టమ్ మర్యాద. అయిదు నిమిషాలు ముందుగా లోపలున్న అందరి తెరలమీదా ఒక మాట పడాలి, ఎవరి పని వాళ్ళు సర్దుకుని లేస్తారు. ఆ మాట రాసే పని చెల్లిది. "మిషన్‌కి ఆకలేస్తోంది, అందరూ విస్తళ్ళ ముందునుంచి లేవండి" అని ఒకసారి రాసింది. "నాన్న తిడుతున్నాడు, అందుకని ఆపుతున్నాం" అని ఇంకోసారి. ఆ మాటల కోసమే మిషన్ ఆగితే బాగుండుననే కస్టమర్లు ఉండేవాళ్ళు.

లాగవుట్ చెయ్యకుండా లేచిపోవడం ఒక్కటే ఆమెతో వచ్చిన తంటా. ఊరందరికీ అట్ట రాసి పెట్టిన మనిషి కూతురికి ఆ అలవాటు లేదు. పైగా పేరునే వెనకనుంచి ముందుకు తిప్పి పాస్‌వర్డుగా పెట్టుకుంది. తాళాలాయన కూతురి తలుపుకి గడియ లేదని వీధిలో నవ్వుకునేవారు.

"లాగవుట్ అంటే ఏంటి నాన్నా? వెళ్తున్నా అని కదా" అనేది. "వెళ్తున్నా అనకూడదని నువ్వే కదా చిన్నప్పుడు నోటిమీద కొట్టావు. వెళ్ళొస్తా అనాలి. దీంట్లో వెళ్ళొస్తా అనే కమాండు లేదు. వచ్చాక చెప్పు, అప్పుడు చేస్తా."

ఇంతలో ఒంటి కొంపలకు చెవులు మొలిచాయి. ఇళ్ళల్లో వాడే సిస్టమ్ కొత్తది వచ్చింది. నెట్‌లోకి వెళ్ళే ఏర్పాటు అంతా అందులోనే పెట్టి ఇచ్చారు. అంతకుముందు అదంతా విడిగా తెచ్చి, ఫ్లాపీలు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించాలి, అది సరిగా కూర్చోదు, మళ్ళీ మొదటికి. ఇప్పుడు బొమ్మమీద నొక్కితే చాలు. ఆ ఏడాది బాబాయి ఆఫీసు మెట్లమీద నిలబడడానికి చోటు లేదు. అందరూ ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్ళే, అందరికీ కనెక్షన్ కావాలి. చెల్లి స్కూటర్ వేసుకుని ఇంటింటికీ వెళ్ళి అమర్చి వచ్చేది.

కళ్ళద్దాల దుకాణం ఆయన కూడా కొత్త సిస్టమ్ వేసుకున్నాడు. సన్నగా వాన పడుతున్న ఒక ఉదయం వరసగా ఫోన్లు చేశాడు. బాబాయి స్క్రూడ్రైవర్ పట్టుకుని మోడెముల అర కింద పడుకుని ఉన్నాడు. చెల్లి తన తెర ముందు ఏదో కొడుతోంది. ఆ మాటలు బాబాయి నాకు ఎన్నోసార్లు చెప్పాడు, ఎప్పుడూ ఒక్క అక్షరం తేడా రాలేదు.

"నాన్నా, కళ్ళద్దాలాయన. పాత సిస్టమ్ పోయిందట, కొత్తది ఎక్కలేదట. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు పాపం. నేనెళ్తా."

"సాయంత్రం నేను పోతాలే. వాన."

"నీ మోకాళ్ళు ముందు ఆ అర కిందనుంచి బయటికి రానీ."

"లాగవుట్ చెయ్యవే."

"వెళ్ళొస్తా."

సందు మలుపులో లారీ వెనక్కి వస్తోంది. ఇంతకన్నా రాయలేను. అప్పటికి నేను తల్లిని కాలేదు. ఇప్పుడు ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి లేచి వెళ్ళి నా కూతురు ఊపిరి తీస్తోందో లేదో చూసి వస్తున్నాను.

అన్నీ అయిపోయాక బాబాయి ఆఫీసు తలుపు తీశాడు. వెనక గదిలో చెల్లి తెర వెలుగుతూనే ఉంది. ఆమె ఆ ఉదయం ఏదో కమాండు మొదలుపెట్టి వదిలేసింది. ఫలానా దాని గురించి మాన్యువల్ చూపించు అని అడిగే కమాండు అది. మొదటి మూడక్షరాలు కొట్టింది, ఒక ఖాళీ వదిలింది. దేని గురించో రాసే లోపు కళ్ళద్దాలాయన ఫోన్ మోగి ఉంటుంది. ఖాళీ తర్వాత చిన్న గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. బాబాయి తన తెరమీద పేర్ల జాబితా చూశాడు. పిచిక అనే పేరు ఉంది. పక్కన ఆ ఉదయం తేదీ, గంట.

అలా మొదలైంది. మిషన్ ఆపితే ఆ పేరు పోతుంది. ఆపకపోతే ఉంటుంది. ఆ సిస్టమ్ దృష్టిలో ఆమె ఎక్కడికీ వెళ్ళలేదు. గదిలోనే ఉంది, చాలాసేపటి నుంచీ ఏమీ కొట్టడం లేదు, అంతే.

బాబాయి దాని గురించి ఎవరితోనూ ఏమీ అనలేదు. బ్యాటరీలు రెట్టింపు చేశాడు. ముందు గదిలో తెరలు తీసేశాడు. చెల్లి కుర్చీని బల్ల కిందకు నెట్టి, దానిమీద ఎవరూ కూర్చోకుండా తన సంచీ పెట్టాడు. కీబోర్డుమీద ఒక అట్టపెట్టె మూత బోర్లించాడు. పిన్ని వచ్చినప్పుడల్లా ఆ తెరను మెత్తటి గుడ్డతో తుడిచేది, వెనక స్విచ్ చుట్టూ పేరుకున్న దుమ్ము కూడా, మూత కదలకుండా. ఆమెకు కంప్యూటర్ సంగతి ఏమీ తెలియదు. అక్కడ ఏముందో మాత్రం తెలుసు.

ఒకసారి గోడల్లో తీగలు మార్చడానికి కరెంటు పనివాడు వచ్చాడు. మెయిన్ ఆపాలన్నాడు. బాబాయి బ్యాటరీల పక్కన గొంతుక్కూర్చుని ఒక చేత్తో ప్లగ్గు పట్టుకుని, ఇంకో అరచెయ్యి ఎత్తి, నెమ్మది నెమ్మది అంటున్నాడు. పనివాడు నవ్వాడు.

"ఏంటి సార్, లోపల పేషెంటు ఉన్నారా?"

"ఉన్నారు" అన్నాడు బాబాయి.

పనివాడు నా వైపు చూశాడు. నేను బ్యాటరీల వైపు చూశాను.

ఏడాదిన్నర గడుస్తుండగా ఇంకొకటి జరిగింది. మిషన్ ఎంతకాలంగా ఆగకుండా నడుస్తోందో చెప్పే అంకె ఒకటి ఉంటుంది. ఆ పనిచేసేవాళ్ళకు అదొక గర్వం, కొందరు మీసం మెలేసినట్టు చెప్పుకుంటారు. ఒక పొద్దున బాబాయి చూసేసరికి, మిషన్ మొదలై కొద్ది గంటలే అయిందని చూపించింది. రాత్రి ఆగిపోయి మళ్ళీ లేచిందనుకున్నాడు. నాకు ఫోన్ చేసి ఆ అంకె చదివాడు.

"బాబాయ్, ముందు పేర్ల జాబితా చూడు" అన్నాను.

కీబోర్డు చప్పుడు. తర్వాత ఆయన ముక్కు ఎగబీల్చడం.

"ఉందమ్మా. ఉంది."

ఆ కాలపు సిస్టమ్‌లో ఆ లెక్క ఒక హద్దు దాకానే పట్టేది. గళ్ళన్నీ నిండాక, బండి మీటరు తొమ్మిదులన్నీ దాటి సున్నాకు వచ్చినట్టు మళ్ళీ మొదలయ్యేది. రాసినవాళ్ళు అంతకాలం ఎవరూ ఆపకుండా నడుపుతారని అనుకుని ఉండరు. నేను ఆ విషయమంతా వివరించబోతే ఆయన మధ్యలో ఆపాడు. "దానికి కాలం లెక్క తప్పింది, మనిషి లెక్క తప్పలేదు. అది చాలు."

ఈలోగా జాబితా చిక్కిపోతూ వచ్చింది. కనెక్షన్లు తగ్గలేదు, ఇంకా పెరిగాయి. ఇళ్ళల్లో కంప్యూటర్లే ఇప్పుడు నెట్‌తో నేరుగా మాట్లాడుతున్నాయి. బాబాయి మిషన్ వాళ్ళకు దారి చూపిస్తే చాలు, ఎవరూ లోపలికి వచ్చి కూర్చోనక్కరలేదు. ఒంటి కొంపలన్నిటికీ వీధి తలుపులు వచ్చాయి, సత్రంలో దిగేవాడు లేడు. లెక్కల మాస్టారు చివరిదాకా అలవాటు కొద్దీ వచ్చేవాడు. ఆయన కూడా మానేశాక జాబితాలో రెండే వరుసలు మిగిలాయి. ఒకటి బాబాయిది, రెండోది చెల్లిది. దాన్ని ఆయన గడియకోసారి చూస్తూనే ఉన్నాడు, పైకి చదవడం మానేశాడు.

నా కూతురు పుట్టింది ఆ రోజుల్లోనే.

ఆ సిస్టమ్ గుండెకాయ లాంటి చోట ఒక కన్నం ఉందని ఎవరో కనిపెట్టారు. లోపల ఏదో ఒక గదిలో అడుగుపెట్టినవాడు ఆ కన్నంలోంచి దూరి ఇల్లంతటికీ యజమాని కావచ్చు. రాసింది అందరి ముందూ ఉంటుంది కాబట్టి కన్నం తొందరగానే బయటపడింది, దాన్ని పూడ్చే మందు కూడా తొందరగానే వచ్చింది. బాబాయి మందు తెచ్చుకుని సిద్ధంగా పెట్టుకున్నాడు. కానీ గుండెకు చేసే వైద్యం కాబట్టి, మందు వేశాక మిషన్‌ను ఒకసారి ఆపి లేపాలి.

"ఎప్పుడు వేస్తావు బాబాయ్?"

"వేస్తాను."

"ఎప్పుడు?"

"పాపకి పళ్ళొస్తున్నాయన్నావు, తగ్గిందా?"

తర్వాత కొన్ని వారాలకు ఒక ఉదయం ఫోన్ మోగింది. నేను పాపకి ఉగ్గు పెడుతున్నాను. బాబాయి గొంతు చాలా చిన్నగా ఉంది.

"అమ్మాయ్, ఒకసారి రా. చెల్లి పేరు రెండుసార్లు ఉంది."

నాకు ముందు అర్థం కాలేదు. "రెండోది ఈ పొద్దున వచ్చింది" అన్నాడు. "బయటినుంచి."

పాపను ఎత్తుకుని అలాగే బయల్దేరాను. నేను వెళ్ళేసరికి పిన్ని కూడా వచ్చి ఉంది. చెల్లి కుర్చీమీది సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుంది. బాబాయి తెరమీద మూడు వరుసలు. తనది. దానికింద పిచిక, దాదాపు మూడేళ్ళ కిందటి ఉదయం. దానికింద మళ్ళీ పిచిక, ఈ ఉదయం, ఎక్కడో దూరపు చోటు పేరు.

"చూడగానే..." అని ఆగాడు బాబాయి. "బుర్రకి తెలుసమ్మా. బుర్రకి తెలిసే లోపల ఒక్క క్షణం ఉంటుందే." మళ్ళీ ఆగాడు. "'వచ్చావా' అన్నాను. పైకే అన్నాను. మీ పిన్ని విన్లేదు, ఇంకా రాలేదు అప్పటికి."

పిన్ని సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటోంది.

బల్లమీద ఫోన్ మోగింది. బాబాయికి లైను ఇచ్చే పెద్ద కంపెనీని ఆఫీసులో మొదటినుంచీ పైవాడు అనేవారు. లైను పోయినప్పుడల్లా "పైవాడి దయ" అని చెల్లి కస్టమర్లకు చెప్పేది. ఫోన్‌లో పైవాడి కొత్త ఇంజనీరు. గట్టిగా మాట్లాడే మనిషి, నాకూ వినిపిస్తోంది.

"సార్, మీ దగ్గర పిచిక అని ఎవరండీ? ఆ పేరుతో వచ్చి ఎక్కడో ఒక స్కూలు మిషన్ తలుపులు పగలగొడుతున్నారట. వాళ్ళ దగ్గర్నుంచి కంప్లయింటు వచ్చింది. మీ స్టాఫా?"

"మా అమ్మాయి."

"అమ్మాయా? కాస్త బుద్ధి చెప్పండి సార్. ఇంకోసారి జరిగితే మీ లైను తీసేయాల్సి వస్తుంది."

"చెప్తాను" అన్నాడు బాబాయి. ఫోన్ పెట్టేశాడు. పెట్టిన చెయ్యి దానిమీదే ఉంచుకుని నిలబడ్డాడు.

తర్వాత వెళ్ళి పైవాడి తీగ పీకేశాడు. ఊళ్ళోని కస్టమర్ల ఫోన్లన్నీ ఒకేసారి మొదలయ్యాయి, ఎవరం ఎత్తలేదు. కాసేపటికి జాబితాలో మూడో వరుస మాయమైంది. మొదటి పిచిక అలాగే ఉంది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

"ఇలాగే ఉంచుదాం బాబాయ్. కస్టమర్లకు వేరే మిషన్ పెట్టు. దీన్ని తీగ లేకుండా ఇక్కడే ఉంచుకో. ఎవరు అడిగారు?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఆ వచ్చినవాడు గడియ లేని చెల్లి గదిలోంచి దూరి, కన్నంలోంచి పైకెక్కాడు. ఇల్లంతా వాడి చేతిలో ఉంది. ఏమేం మార్చాడో తెలియదు. ఇప్పుడీ పేర్లు చూపించే కమాండు కూడా మనదో వాడు పెట్టి వెళ్ళినదో చెప్పలేను. వాడు ఉందనమంటే అది ఉందంటుంది. లేదనమంటే లేదంటుంది."

"తీగ తీసేశాం కదా."

"తీగ తీస్తే వాడు బయటికి పోలేదమ్మా. వాడు వదిలిన పనులన్నీ లోపలే నడుస్తున్నాయి. వాడినీ దాన్నీ ఒకే ఇంట్లో పెట్టి తలుపెయ్యమంటావా?"

అయినా ఒకటి అన్నాను. అనకుండా ఉండాల్సింది కాదేమో. "అంతా తుడిచి కొత్తగా ఎక్కించాక, మిషన్ లేవగానే చెల్లి పేరు దానంతటదే లాగిన్ అయ్యేలా రెండు లైన్లు రాద్దాం బాబాయ్. జాబితాలో ఎప్పటిలాగే ఉంటుంది."

ఆయన కోప్పడలేదు. "అది నేను పిలిచినట్టు అమ్మా. చెల్లి వచ్చినట్టు కాదు."

పాప నా భుజంమీద గింజుకుంటోంది. పిన్ని చేతులు చాపితే ఇచ్చాను. ఆమె పాపను ఎత్తుకుని, మోడెముల అర దగ్గర అటూ ఇటూ నడుస్తూ, ఫ్యాన్ల హోరులోనే జోకొట్టింది. ఆ హోరుకి పసిపిల్లలు ఎంత తొందరగా నిద్రపోతారో నాకు తెలుసు.

"దాని పేరు పెట్టుకుని ఎవడో దొంగతనాలు చేస్తున్నాడా?" అంది పిన్ని, నడుస్తూనే.

"ఊఁ."

"అయితే ఇంకా ఏం ఆలోచిస్తున్నారు?" అని, కాస్త ఆగి, మెల్లగా అంది. "మీకు ఇక్కడన్నా ఉండేది. నాకు ఇంట్లో ఏ మూల చూసినా లేదు. నేను ఉంటున్నాను కదా."

బాబాయి చెల్లి ఫైళ్ళన్నీ ఇంకో డిస్కులోకి తీసుకున్నాడు. అవి ఎప్పుడైనా దొరికేవే, ఆయన వాటి గురించి ఎన్నడూ బెంగపడలేదు. తర్వాత లేచి వెళ్ళి చెల్లి కీబోర్డుమీది అట్టమూత తీశాడు. మీటలమీది అక్షరాలు మూడేళ్ళ కిందటిలాగే శుభ్రంగా ఉన్నాయి. ఆ సగం కమాండును పూర్తి చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. "ఏం అడగబోయిందో" అన్నాడు. "ఏదడిగినా మాన్యువల్ చదువుకో పో అనేవాణ్ణి."

తన తెర దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఆపమని చెప్పే కమాండు మొదలుపెట్టాడు, అయిదు నిమిషాల గడువు ఇచ్చాడు. దాని చివర లోపలున్నవాళ్ళకు చెప్పాల్సిన మాట రాయాలి. ఆయన ఎప్పుడూ రాసినవాడు కాదు, ఆ పని చెల్లిది. ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కోటే వెతుక్కుని కొట్టినట్టు, ఒక్క మాట కొట్టాడు.

చెల్లి తెర చిన్నగా కూత పెట్టింది. మూడేళ్ళలో మొదటిసారి దానిమీద ఏదో కదిలింది. ఆమె వదిలిన మూడక్షరాలు, ఖాళీ, వాటికింద, మిషన్ అయిదు నిమిషాల్లో ఆగుతుందన్న ముక్క, దానికింద బాబాయి మాట.

"ఏం రాశారు?" అంది పిన్ని.

ఆయన నాకు తెర చూపించాడు. నేను చదివాను. "వెళ్ళిరా."

పిన్ని ఒక్క క్షణం పాప తలమీద గడ్డం ఆనించింది. "అంతే" అంది. "అదే అనాలి."

గడువు అయ్యేలోపు ఆ కమాండును రద్దు చెయ్యొచ్చు. ఒకే ఒక్క మీట చాలు. బాబాయి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. నిమిషానికోసారి ఆ మాట చెల్లి తెరమీద మళ్ళీ పడేది. వెళ్ళిరా. వెళ్ళిరా. చివరికి ఆయన తెరమీద, అన్నీ ఆగాయి, ఇక స్విచ్ తీయవచ్చు అని వచ్చింది. లోపల ఎవరూ లేరు. ఇంకా ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఆ పాత మిషన్లలో అది చేత్తో ఆపితేనే ఆగుతుంది. ఆయన లేచి, మిషన్ పక్కన మోకాళ్ళమీద కూర్చుని, స్విచ్‌మీద వేలు పెట్టి నొక్కాడు.

హోరు సన్నగిల్లి, సన్నగిల్లి, ఆగిపోయింది. మోడెములు అప్పటికే తీగ లేక మూగబోయాయి. కిందనుంచి చెప్పుల దుకాణంలో ఎవరో బేరమాడుతున్న మాటలు మొదటిసారి స్పష్టంగా వినిపించాయి.

ఆ నిశ్శబ్దానికి నా కూతురు ఉలిక్కిపడి లేచి ఏడవడం మొదలుపెట్టింది.

చెల్లి తెర ఇంకా వెలుగుతూనే ఉంది. మిషన్ ఆగినా దానికి చివరగా వచ్చిన మాటలు అలాగే పట్టుకుని ఉంటుంది. బాబాయి దానివైపు చూశాడు, నేలమీదనుంచి లేవలేదు. పిన్ని ఏడుస్తున్న పిల్లను ఒక భుజానికి సర్దుకుని, తెర వెనక్కి చెయ్యి పెట్టి, వెతుక్కోకుండానే ఆ స్విచ్ తీసేసింది.